కల్పితలోకము - నియమపాలనము: వైజ్ఞానిక వీడియో ఆటల కథాసంగతిపై ఒక పరిశీలనము

కల్పనకు హద్దులు లేవను మాట తరచుగా వినవచ్చుచుండును. ఇది సగము సత్యము మాత్రమే. కవి ఎట్టి లోకమునైనను సృజింపవచ్చును. సృజించిన పిదప ఆ లోకనియమములకు తానును లోబడవలెను. రసభంగమునకు అనౌచిత్యమును మించిన కారణము లేదని ఆనందవర్ధనుడు నిర్ణయించెను. పింగళి సూరన కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకమున యథార్థముగా జరుగుట అద్భుతమే. ఆ యద్భుతము నంగీకరించిన పాఠకునికి తక్కిన కథ యంతయు చిక్కుముడి విడినట్లు పొసగుచున్నది. ఈ కొలమానము నేటి వైజ్ఞానిక వీడియో ఆటలకు చెల్లునా యనునది మా ప్రశ్న.

లోకనియమ మనగా నేమో తెలియుటకు దూరము పోనక్కరలేదు. కాకినాడ సమీపమున ఉప్పాడ తీరమును సముద్రము దీర్ఘకాలముగా కోయుచున్నది. ఆ యొక్క కారణము ఊరి జీవితము నంతటిని తాకినది. ఇండ్లు కడలిపాలైనవి, తీరపు రోడ్డు పలుమార్లు తెగినది, అలల కెదురుగా రాళ్లు పేర్చవలసి వచ్చినది. 2020 నవంబరులో నివర్ తుఫాను పిమ్మట జనులు ఇసుకలో బంగారము వెదకుటయు, పూర్వపు కోటలు, గుళ్లు సముద్రమున మునిగినవను నమ్మకమును ఆ కారణమునకే ముడిపడియున్నవి. కారణ మొకటి, జాడలు అనేకములు. కల్పితలోకమునందును ఇట్టి జాడలు కనబడవలెను.

'మాస్ ఎఫెక్ట్' అను ఆటల వరుసలో ఈ జాడలు రెండుచోట్ల చెదరినవి. 2007 నాటి మొదటి ఆటలో తుపాకులు వేడెక్కి తమంతట చల్లబడును. 2010 నాటి రెండవ ఆటలో వేడిని గ్రహించు బిళ్లలను ఏరుకొనవలెను. నాయకుడు మరణించి పునర్జీవితుడగునంతలో గడచిన రెండేండ్లలో ఈ మార్పు వచ్చినదని సమాధానము. ఐనను పదేండ్ల క్రిందట ఓడ కూలి, వెలిలోకముతో సంబంధము తెగిన గ్రహమునను అవే బిళ్లలు లభించును! రెండవ దోషము ఇంతకంటె పెద్దది. నక్షత్రమండలములను కలుపు మహాయంత్ర మొకటి పగిలినచో ఆ మండలమే నశించునని 2011లో వెలువడిన అనుబంధకథ చూపినది. 2012 నాటి మూడవ ఆట చివర అట్టి యంత్రము లన్నియు పగిలినవి. లోకములు మిగిలెనా లేదా యన్నది తేలలేదు. ఆటగాండ్ర యాక్షేపణతో నిర్మాతలు అదే సంవత్సరము జూన్‌లో ముగింపును విస్తరించి సందేహము తీర్చవలసి వచ్చినది.

దీనికి ప్రతిగా 2019 నాటి 'ఔటర్ వైల్డ్స్' అను ఆటను నిలుపవచ్చును. అందు ఇరువదిరెండు నిమిషముల కొకసారి సూర్యుడు పేలును. కాలము మొదటికి వచ్చును. జంటగ్రహములలో ఒకదాని ఇసుక రెండవదానిపైకి జారుచుండును. ఒకచోట గుహలు పూడును, మరియొకచోట కట్టడములు బయల్పడును. ఏ వేళ ఏ ద్వారము తెరచియుండునో ఆటగాడు ఇసుకను గమనించియే గ్రహించును. కాలము వెనుకకు మరలినను అతని జ్ఞాన మేల నిలుచునను ప్రశ్నకును కథలోనే సమాధానము కలదు. ఇచ్చట నియమమే కథ.

ఆట ఆడుటకే గాని తర్కించుటకు గాదని కొంద రందురు. మా అభిప్రాయము వేరు. నవలలో పాఠకుడు రచయిత చూపినంత మేరకే చూచును. ఆటలో ఆటగాడు తానే తలుపు తీయును, మూల వెదకును, వస్తువును చేతబట్టును. ఉప్పాడ జాంధానీ చీరను తిరుగవేసి చూచినను బుటా చక్కగనే కనబడును. కావుననే నేతగాడు వెనుకవైపును ఉపేక్షింపడు. ఆట యట్టి నేతను కోరును. అందలి ప్రతి చిన్న పొరపాటును ఎంచుట విమర్శ కాదు. ఏ లోపము ఆటగాని చేతను, నిర్ణయమును నిరర్థకము చేయునో అదియే దోషము. పై రెండింటిలో బిళ్లల లోపము కథకు స్వల్పము, దాని నేరుకొను చేతికి మాత్రము పరిహాసము. యంత్రముల లోపమో, మూడు ఆటలపాటు లోకరక్షణకై ఆటగాడు చేసిన నిర్ణయముల ఫలితమునే సందేహమున పడవైచినది. ఔచిత్యవిచారము ప్రాచీనకావ్యములకే పరిమితము గాదనియు, ఈ నూతనకళకు అది మరింత యావశ్యకమనియు మేము భావించుచున్నాము.