వరుసలో నడిచే పిల్లవాడు

వీడియో గేములు విమర్శకు తగిన వస్తువు కావని మనలో చాలామంది అభిప్రాయం. అవి డబ్బున్న పిల్లల కాలక్షేపమనీ, వాటిలో వెతకడానికి జీవితమేమీ వుండదనీ మొన్నటిదాకా నేనూ అనుకున్నాను. బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున, పుష్కరఘాట్ మెట్లమీద కూర్చుని మా మేనల్లుడి ఫోనులో ‘ఇన్‌సైడ్’ అనే ఆట ఆడిన తరువాత ఆ అభిప్రాయం కొంత మార్చుకోవలసివచ్చింది. పూర్తిగా మార్చుకోలేదు. ఎందుకు మార్చుకోలేదో కూడా చెప్పాలి.

‘ఇన్‌సైడ్’ 2016లో వచ్చింది. చేసింది డెన్మార్కులోని ప్లేడెడ్ సంస్థ. 2010లో ‘లింబో’ చేసినవాళ్లు వీళ్లే. ఎర్రచొక్కా తొడుక్కున్న పేరులేని పిల్లవాడొకడు ఎడమనుంచి కుడికి పరుగెత్తుతుంటాడు. దూకుతాడు, పెట్టెలు లాగుతాడు, మీటలు తిప్పుతాడు. ఒక చిక్కు విడిపోతేగాని ముందుకు దారి దొరకదు. ఇట్లాంటివాటిని పజిల్ ప్లాట్‌ఫామర్లంటారు. ఆట మొత్తంమీద ఒక్క సంభాషణ లేదు. ఏమి చెయ్యాలో చెప్పేవారూ లేరు.

నగరంలో ఒకచోట యీ పిల్లవాడు మనుషుల వరుసలో వచ్చి పడతాడు. వాళ్ల ముఖాల్లో చైతన్యం లేదు. అందరూ ఒక్కసారి నడుస్తారు, ఒక్కసారి ఆగుతారు, ఒక్కసారి ఎగురుతారు, ఒక్కసారి వెనక్కు తిరుగుతారు. యంత్రం వెలుగు వేసి పరీక్షిస్తుంటుంది. ముసుగులు పెట్టుకున్నవాళ్లు నిలబడి చూస్తుంటారు. పిల్లవాడు కూడా వరుసతోబాటు అన్నీ చెయ్యాలి. అడుగు తప్పితే పట్టుబడతాడు.

నేను నాలుగుసార్లు పట్టుబడ్డాను. అప్పటిదాకా పరుగెత్తడం నేర్పిన ఆట ఇక్కడ పరుగునే నేరం చేసింది. నా అవస్థ చూసి మేనల్లుడు, “మామా, నువ్వు సొంత తెలివి జూపకు. ఆళ్లెట్ల జేస్తే నువ్వు గట్లనే జెయ్యి” అన్నాడు. అట్లాగే చేశాను. గట్టెక్కాను. అడుగు తప్పకుండా నడిచినందుకు సంతోషం కూడా కలిగింది, నిజం చెప్పాలి. తలవంచి బతికిన మనిషి కథ నవలలో చదివితే నాకు జాలి కలుగుతుంది. ఇక్కడ తలవంచడంలోని నేర్పు నా బొటనవేలికి అలవాటయింది. వస్తువూ రూపమూ ఒకటి కావాలని మనం ఎన్నో వ్యాసాల్లో రాసుకున్నాం. అది యీ వరుసలో జరిగింది.

తరువాత వచ్చేది ఇంకా కఠినమైన చిక్కు. వేలాడే టోపీలో పిల్లవాడు తల దూర్చగానే, స్పృహలేని మనుషులు వాడు కదిలినట్టల్లా కదులుతారు. ఒకచోట ఇరవైమందిని పోగుచేస్తేగాని తలుపు తెరుచుకోదు. గోడ చాటునుంచి ఒకణ్ణి, పైఅంతస్తునుంచి ఒకణ్ణి తోలుకొచ్చి లెక్కపెట్టాను. “ఇంకొక్కడు తక్కువ” అని పైకే అన్నాను.

ఆ మాట నేను చిన్నప్పుడు విన్నదే. మా వూళ్లో గుంపుమేస్త్రి అడ్వాన్సులిచ్చి కూలీలను లారీ ఎక్కించేటప్పుడు సరిగ్గా అట్లాగే అనేవాడు. ఆ లారీలు యీ బీచుపల్లి వంతెనమీదుగానే కృష్ణ దాటి పోయేవి. ఎక్కడెక్కడి ఆనకట్టలమీదా, కాలువలమీదా, రోడ్లమీదా ‘పాలమూరు లేబర్’ అని పిలిపించుకున్నది ఆ మనుషులే. మేస్త్రికి వాళ్లు తలల లెక్క. నాకూ ఆ పావుగంట తలల లెక్కే అయినారు.

అయితే నా అభ్యంతరమంతా ఇక్కడే వుంది. ఆటలోని యీ వరుస మనుషులెవరు? ఏ అప్పు, ఏ కరువు వాళ్లనిక్కడికి తెచ్చింది? జవాబు లేదు. ప్రతీకకు చరిత్ర అక్కరలేదని కొందరనవచ్చు. ప్రతీకకు అక్కరలేకపోవచ్చుగాని, మనిషికి కావాలి. పాలమూరు కూలీ మెదడు లేక లారీ ఎక్కలేదు. వాన పడక, అడ్వాన్సు ముందే ఖర్చయిపోయి, పిల్లలను ముసలమ్మకు అప్పగించి ఎక్కాడు. దెబ్బలకు తాళలేక రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవాళ్లను కూడా నేనెరుగుదును. ఆటలోని వరుసలో పారిపోవాలనే ఆలోచన ఎర్రచొక్కా పిల్లవాడికి తప్ప ఎవరికీ రాదు. కూలీని ఉత్త శరీరంగా చూడడం మేస్త్రి దృష్టి. దాన్ని ఖండించదలచిన కళాకారుడు కూడా ఆ దృష్టితోనే చూస్తే ఎట్లా?

దాచిన గోళాలన్నీ వెతికి పట్టుకున్నవాళ్లకు యీ ఆటలో మరొక ముగింపు వుంది. పిల్లవాడు ఒక తీగ పీకుతాడు. పీకగానే వాడూ ఆ వరుసలోని మనుషుల్లాగే వాలిపోతాడు. అంటే ఇంతసేపూ వాణ్ణి నడిపిన టోపీ నేనే. నిర్మాతలు ఆటగాణ్ణి కూడా దోషిగా నిలబెట్టారు. ఇది నిజాయితీగల పని. యీ పాటి ఆత్మవిమర్శ మన కథల్లోనే అరుదు. కాని ఆ నిజాయితీ మేస్త్రి దగ్గరే ఆగిపోయింది. లారీలోని ఇరవైమంది దాకా రాలేదు.

మేనల్లుడితో యీ మాటే అంటే, “మరి ఆళ్లల్ల ఒకడు తిరగబడితే ఆ తలుపెట్ల తెరుచుకుంటది మామా?” అని అడిగాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. అప్పటికి పొద్దుగూకింది. వంతెనమీద లారీల దీపాలు వెలిగాయి.