దుంపలో దాగే సూర్యశిశిరం

పురుగులను పట్టి తినే సన్‌డ్యూ మొక్కను బెంగాలీలు సూర్యశిశిర్ అంటారు. బెంగాలీలో శిశిర్ అంటే మంచుబొట్టు. ఆకు మీది ఎర్రని నూగు చివర మెరిసే జిగురు బొట్టు ఎండెక్కినా ఆరదు. ఆ పేరు అందుకే వచ్చింది. బెంగాల్ ఎర్రమట్టి నేలల్లో కనిపించే డ్రాసెరా బర్మానీకి దుంప ఉండదు, విత్తనాలు రాల్చి పోతుంది. దుంప జాతులు అలా పోవు. నేల ఆరగానే ఆకూ కాడా వదిలేసి మట్టిలోకి దిగిపోతాయి.

వీటిలో ఎక్కువ భాగం నైరుతి ఆస్ట్రేలియావి. ఎరిత్రోరైజా నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటుంది, మాక్రాంతా పక్క పొదను పట్టుకుని ఎగబాకుతుంది, గైగాంటియా మీటరు ఎత్తున కొమ్మలు వేస్తుంది. మన హిమాలయాల్లోనూ ఖాసీ కొండల్లోనూ పెరిగేది లునాటా. ఆకు నెలవంకలా ఉంటుంది కనుక ఆ పేరు. ఆ పేరు పెట్టిన ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ 1814లో శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ బాధ్యతలు చూశాడు. పేరు అచ్చులోకి వచ్చింది 1824లో, డి కాండోల్ చేతుల మీదుగా. తర్వాత చాలాకాలం దీన్ని పెల్టాటా అనే మరో జాతిలో కలిపేశారు.

ఆస్ట్రేలియా జాతులకు చలికాలమే వానాకాలం. కోల్‌కతా శీతాకాలం వాటికి సరిగ్గా సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతి నెలలతోనే. నవంబరులో కుండీ తడిపి, అడుగున పళ్లెంలో వేలెడు నీరు నిలిపితే మొలక వస్తుంది. పీట్, కడిగిన ఇసుక సమంగా కలిపితే చాలు. ఎరువు మాత్రం పడకూడదు. కుళాయి, బోరు నీళ్లలోని లవణాలు పడవు. ఆర్‌ఓ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడాలి. ఇక ఆహారం సంగతి: శీతాకాలపు కోల్‌కతా డాబా మీద దోమలకు కరువా?

ఫిబ్రవరి చివర ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు పళ్లెం తీసేయాలి గానీ, పచ్చగా ఉన్న ఆకును తుంచకూడదు. కొత్త దుంపకు పిండి పట్టేది దానివల్లనే. కొత్తవాళ్ల దుంపలు ఎక్కువగా పోయేది నీళ్లు పోయకపోవడం వల్ల కాదు, పోయడం వల్ల. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉక్క గాలిలో తడిసిన మట్టి దుంపను కుళ్లబెడుతుంది. కుండీని రేకు కిందో, గాలి ఆడే వరండాలోనో ఉంచాలి. అలాగని పూర్తిగా ఎండబెట్టినా చిన్న దుంపలు వడిలిపోతాయి. పీట్‌లో కాస్త చెమ్మ మిగలాలి. ఎంత చెమ్మ అన్నది చేతివేళ్లకే తెలియాలి.

లునాటా తిరకాసు వేరు. అది వానలతోనే మొలుస్తుంది, కానీ కొండ చల్లదనానికి అలవాటు పడ్డది. ఊళ్లో ఉక్క రాత్రులను ఓర్చుకోవడం దానికి కష్టం. అందుకే దీన్ని పెంచి నిలబెట్టడం నేర్పుకే పరీక్ష.

కుండీ విప్పి చూసినప్పుడు బఠానీ గింజంత ఎర్రని దుంప దొరుకుతుంది. పక్కనే పోయినేటి దుంప తాలూకు కాగితం లాంటి పొట్టు ఉంటుంది. పాతది కరిగి కొత్తదైంది. కన్ను పైకి ఉండేలా దాన్ని మళ్లీ అదే లోతున పెట్టి, ఇసుక కప్పుతారు.