పున్నమి దాకా అందరూ మంచివాళ్ళే

1985లో వచ్చిన 'సిల్వర్ బుల్లెట్' సినిమా కథ టార్కర్స్ మిల్స్ అనే చిన్న ఊళ్ళో జరుగుతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, స్టీఫెన్ కింగ్ కల్పించిన ఊరు. చక్రాల కుర్చీలో తిరిగే మార్టీ అనే కుర్రాడు ఒక రాత్రి వంతెన మీద ఒంటరిగా బాణసంచా కాల్చుకుంటుంటే తోడేలు మనిషి వచ్చి పడతాడు. మార్టీ బెదరకుండా తారాజువ్వ అంటించి సూటిగా దాని కంట్లోకి వదులుతాడు. తెల్లారాక వాడి అక్క జేన్ ఖాళీ సీసాలూ డబ్బాలూ పోగుచేసే పని పెట్టుకుని బండి లాక్కుంటూ గడపగడపకీ తిరుగుతుంది. సీసాలు వంక మాత్రమే. ఊళ్ళో ఎవరికి కన్ను పోయిందో ఆమెకు కావాలి. పుట్టినప్పటి నుంచి తెలిసిన ముఖాలనే ఒక్కొక్కటీ కొత్తగా, భయంగా చూసుకుంటూ పోతుంది. సినిమా వచ్చి నలభై ఏళ్ళయింది కాబట్టి చెప్పేస్తున్నాను: ఆ ఒంటికన్ను చర్చి పాస్టరుది. ఊళ్ళో చచ్చినవాళ్ళందరికీ అంత్యక్రియల ప్రార్థన చేసిన పెద్దమనిషి.

ఈ సినిమాని విమర్శకులు చీల్చి చెండాడారు. తోడేలు తొడుగు ఎలుగుబంటిలా ఉందన్నారు. 'ఈటీ'ని చేసిన కార్లో రాంబాల్డి చేతుల్లోంచి వచ్చిందా ఇది అని నవ్వారు. తొడుగు సంగతి ఒప్పుకుంటాను, అది ఎలుగుబంటే. కానీ జేన్ సీసాల బండి లాగుతూ ఊరు తిరిగే ఆ కాసేపటికి సాటివచ్చే భయాన్ని కోట్లు పోసి తీసిన సినిమాల్లో నాకు ఒక్కటి చూపించండి.

డ్రాకులా ట్రాన్సిల్వేనియా నుంచి ఓడెక్కి రావాలి. మమ్మీని ఎవరో తవ్వి తీయాలి. తోడేలు మనిషి ఎక్కడి నుంచీ రానక్కర్లేదు, ఇక్కడే ఉంటాడు. నిన్న బార్లో మీ పక్కన కూర్చుని తాగినవాడే. మహానగరంలో పెడితే ఈ కథ సగం చస్తుంది, ఎందుకంటే అక్కడ పక్క వాటాలో ఎవరుంటారో ఎవరికీ పట్టదు. ఒక షెరీఫు, ఒక బారు, ఒక చర్చి, ఊరవతల అడవి, అందరికీ అందరూ తెలిసిన జనం ఉంటేనే అనుమానానికి పళ్ళు మొలుస్తాయి. డబ్బుల్లేని నిర్మాతకీ సరిగ్గా ఇవే దొరుకుతాయి. పైగా పున్నమి నెలకోసారే గనక మృగాన్ని కొద్ది నిమిషాలు చూపిస్తే చాలు, మిగతా రీళ్ళన్నీ ఊరివాళ్ళు ఒకరినొకరు దొంగచూపులు చూసుకోవడంతోనే నడిచిపోతాయి. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి ఈ పొదుపు లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

చరిత్ర అంటారా, యూరప్ పల్లెల్లో ఈ కథలు ఎప్పటినుంచో ఉన్నాయి. 1760లలో ఫ్రాన్స్‌లోని జెవోదాన్ ప్రాంతంలో మనుషుల్ని తిన్న మృగాన్ని వెండి తూటాతో చంపారని కూడా చెప్పుకుంటారు. సినిమాకి పనికొచ్చే కట్టుబాట్లు మాత్రం చాలావరకు 1941 నాటి 'ది వుల్ఫ్ మ్యాన్' రచయిత కర్ట్ సియోడ్‌మాక్ పెట్టినవే. నాజీల జర్మనీ వదిలి వచ్చిన యూదుడాయన. వెండి దెబ్బకే చావాలన్నది ఆ సినిమాతో స్థిరపడింది. పున్నమి మాత్రం ఆ సినిమాలో లేదు, ఆ వరసలో 1943లో వచ్చిన రెండో సినిమాలో చేరింది.

ఇక అసలు విద్య దగ్గరికి వస్తాను. మనిషి మృగమయ్యే ఘట్టం ఈ సినిమాలకి ప్రాణం, దాన్ని చేతులతో చేయాలి. యూనివర్సల్ స్టూడియోలో జాక్ పియర్స్ అనే మేకప్ మహానుభావుడు లోన్ చేనీ జూనియర్ ముఖం మీద జడలబర్రె వెంట్రుకల్ని పాయలు పాయలుగా జిగురుతో అంటించి, వేడి ఇనుముతో వాటి కొసలు కాల్చి సహజంగా పడేట్టు చేసేవాడు. గంటలకొద్దీ పని. మారే షాట్ ఇంకా నరకం. కెమెరా బిగించేస్తారు, నటుడు కదలకూడదు. కాస్త వెంట్రుకలు అంటించి కాస్త ఫిల్ము తీస్తారు. మళ్ళీ అంటిస్తారు, మళ్ళీ తీస్తారు. చివరికి ఆ ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి కరిగేలా డిజాల్వులతో కలుపుతారు. చేతులు కదలకుండా వేళ్ళ అంచు చర్మానికి సన్న మేకులు కొట్టారని చేనీ చెప్పుకునేవాడట. అబద్ధమే అయ్యుంటుంది, కానీ ఆ పడిగాపుల బాధకి ఆమాత్రం అతిశయోక్తి చెల్లుతుంది. అంతకుముందు 1935లో 'వెర్‌వుల్ఫ్ ఆఫ్ లండన్'లో ఇంకా ముచ్చటైన పని చేశారు. హెన్రీ హల్ స్తంభాల వరుస వెనకగా నడుస్తుంటాడు, ఒక్కో స్తంభం దాటి బయటపడేసరికి ముఖం ఇంకాస్త మృగమై ఉంటుంది. అతుకులన్నీ స్తంభాల చాటునే దాగాయి. తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆ షాటుకి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

1950లలో ఈ విద్య పెద్ద స్టూడియోల నుంచి పేదల చేతికొచ్చింది. 1956లో ఫ్రెడ్ సియర్స్ తీసిన 'ది వెర్‌వుల్ఫ్' నాకు ప్రాణం. కాలిఫోర్నియాలో బిగ్ బేర్ లేక్ దగ్గర మంచు కొండల్లో తీశారు. కారు ప్రమాదంలో దెబ్బతిన్న అమాయకుడికి ఇద్దరు శాస్త్రవేత్తలు తోడేలు సీరం ఎక్కిస్తారు, వాడు మౌంటెన్‌క్రెస్ట్ అనే కొండ ఊళ్ళోకి వచ్చి పడతాడు. చంద్రుడితో పనే లేదు. పట్టపగలు మంచులో తడబడుతూ పరిగెత్తే స్టీవెన్ రిచ్‌ని చూస్తే భయం కంటే జాలి ముందొస్తుంది. తర్వాతి ఏడాది అమెరికన్ ఇంటర్నేషనల్ వాళ్ళు 'ఐ వాజ్ ఎ టీనేజ్ వెర్‌వుల్ఫ్' వదిలారు. ఖర్చు సుమారు 82 వేల డాలర్లు, షూటింగు వారం రోజులేనంటారు, వసూళ్ళు మాత్రం 20 లక్షలు. మైకేల్ లాండన్ హైస్కూలు కుర్రాడు. బడి గంట మోగగానే జిమ్ములో తలకిందులుగా వేలాడుతున్న అమ్మాయి కంటికి అతని ముఖం మారిపోయి కనిపిస్తుంది. ముఖం తలకిందులు, స్కూలు జాకెట్టు మాత్రం అదే. జాకెట్టు వల్లే ఆ షాటు గుండెల్లో దిగుతుంది.

1981 వచ్చేసరికి గురుశిష్యుల పోరు. మేకప్ గురువు రిక్ బేకర్ ముందు జో డాంటే తీసే 'ది హౌలింగ్'కి ఒప్పుకున్నాడు. అంతలో జాన్ ల్యాండిస్‌కి 'యాన్ అమెరికన్ వెర్‌వుల్ఫ్ ఇన్ లండన్'కి డబ్బు దొరికింది, బేకర్ అటు వెళ్ళి 'ది హౌలింగ్'ని శిష్యుడు రాబ్ బాటిన్‌కి అప్పగించాడు. బాటిన్‌కి అప్పటికి 22 ఏళ్ళు కూడా నిండలేదు. బేకర్ చేసింది చరిత్ర, కాదనను. వెలుతురు నిండిన గదిలో, ఏ నీడా సాయం లేకుండా, హీరో డేవిడ్ నాటన్ చెయ్యి సాగుతుంది, వెన్ను లేస్తుంది. కృత్రిమ చర్మంలో గుచ్చిన వెంట్రుకల్ని లోపలికి లాగుతూ చిత్రించి ఫిల్ముని వెనక్కి తిప్పితే తెర మీద అవి మొలుచుకొచ్చాయి. మేకప్‌కి పోటీ విభాగం పెట్టిన మొదటి ఏడాదే ఆస్కార్ ఆయనకి వచ్చింది. మన ఇళ్ళలోకి వీడియో క్యాసెట్లు వచ్చిన కొత్తలో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాట చూసి దుప్పటి కప్పుకున్న వాళ్ళందరూ తెలియకుండానే బేకర్‌కి దణ్ణం పెట్టినవాళ్ళే.

అయినా నేను బాటిన్ పక్షం. 'ది హౌలింగ్' బడ్జెట్టు 'అమెరికన్ వెర్‌వుల్ఫ్'లో మూడో వంతు కూడా లేదు. రాబర్ట్ పికార్డో ముఖానికి అచ్చు తీసి, రబ్బరు నురగని అచ్చులో పోసి ఓవెన్‌లో కాల్చి తొడుగు చేశారు. తొడుగు కింద చిన్న చిన్న గాలితిత్తులు, వాటికి గొట్టాలు. కెమెరాకి కనపడకుండా కూర్చున్నవాళ్ళు గాలి నింపుతుంటే నుదురూ బుగ్గలూ కుతకుత ఉడికినట్టు పొంగుతాయి, తర్వాత మూతి ముందుకు తోసుకొస్తుంది. అంతసేపూ నాయిక పారిపోకుండా ఎందుకు నిలబడిందని అందరూ వెక్కిరిస్తారు. నేనైనా నిలబడేవాణ్ణి! అలాంటి పని కళ్ళముందు జరుగుతుంటే ఎవరు కదుల్తారండీ. డాంటే భక్తి కూడా చూడండి: పాత్రలకి పాత తోడేలు సినిమాల దర్శకుల పేర్లు పెట్టాడు. టెర్రీ ఫిషర్, ఫ్రెడ్ ఫ్రాన్సిస్, జార్జ్ వాగ్నర్, అందరూ అందులో ఉన్నారు.

మనకీ ఒక చుట్టం ఉన్నాడు. 1980 'పున్నమి నాగు'లో చిరంజీవి పున్నమి రాత్రి విషపురుగయ్యే పల్లెటూరి పాములవాడు. మృగం వేరు, ఊరి సూత్రం ఒకటే. చంపేది ఊళ్ళో తెలిసినవాడే, వాడి తప్పు వాడి చేతిలో లేదు.

తర్వాత తరంలో కెనడా వాళ్ళు దీపం ఆరకుండా కాపాడారు. 2000లో జాన్ ఫాసెట్ తీసిన 'జింజర్ స్నాప్స్'లో బెయిలీ డౌన్స్ అనే విసుగుపుట్టించే శివారు కాలనీ, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క ఈడేరిన రాత్రే మృగం కరుస్తుంది. ఒంట్లో వచ్చే మార్పుల్లో ఏది వయసుదో ఏది శాపానిదో ఆ పిల్లకే తెలియదు. క్యారెన్ వాల్టన్ రాసిన ఆ స్క్రిప్టు ఈ జాతి సినిమాల్లో అన్నిటికన్నా తెలివైనదని బల్ల గుద్ది చెబుతాను. 2014 'వుల్ఫ్‌కాప్' మోటు హాస్యం. హీరో ఊరి తాగుబోతు పోలీసు. సస్కాచెవాన్‌లో పది లక్షల డాలర్లతో తీశారు. ఎమర్సన్ జిఫిల్ మేకప్ అమోఘం, కాకపోతే ఆ మార్పు శరీరంలో ఎక్కడ మొదలవుతుందో గౌరవనీయమైన పత్రికలో రాయలేను. అమెరికాలో లారీ ఫెసెండెన్ 2023లో తీసిన 'బ్లాకౌట్' వేరే స్థాయి. ఊరి పేరు టాల్బట్ ఫాల్స్, 'ది వుల్ఫ్ మ్యాన్'లో చేనీ వేసిన పాత లారీ టాల్బట్‌కి నమస్కారం. హత్యలు జరగ్గానే ఊళ్ళో పెద్దమనిషి వేలు వలస కూలీ వైపు తిరుగుతుంది. అసలు హంతకుడైన చిత్రకారుడు తన నేరం తనే తెలుసుకుని కుమిలిపోతుంటాడు.

ఇంత విద్యని ఏం చేశారో తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. 1997 'యాన్ అమెరికన్ వెర్‌వుల్ఫ్ ఇన్ పారిస్'లో తోడేళ్ళు చాలావరకు కంప్యూటరు బొమ్మలే. బేకర్ పనితనంతో వచ్చిన పేరుని పోస్టరు మీద వాడుకుని తెర మీద బరువులేని ప్లాస్టిక్కు జంతువుల్ని ఉరికించారు. 2005 'కర్స్‌డ్'కి బేకర్‌నే పిలిచి ఆయన పనిలో చాలాభాగం పక్కన పడేశారు. 2010 'ది వుల్ఫ్‌మ్యాన్'కి మేకప్ ఆస్కార్ ఆయనకే ఇచ్చారు, మనిషి మృగమయ్యే ఘట్టం మాత్రం కంప్యూటర్లకి అప్పగించారు! గొప్ప గాయకుణ్ణి సన్మానించి పాట రికార్డు వేసుకున్నట్టుంది. 2015లో ఆయన విరమించుకున్నాడంటే ఆశ్చర్యం ఏముంది?

డబ్బున్నవాళ్ళు చేస్తే చేశారు, లేనివాళ్ళు కూడా అదే దారి పట్టడం నా అసలు కోపం. ఇప్పటి చౌక తోడేలు సినిమాల్లో సగం చూడండి. రెడీమేడ్ కంప్యూటరు తోడేలు ఒకటి తెచ్చి అతికిస్తారు. అది గడ్డి మీద నడిస్తే గడ్డి కదలదు. నటుడు చూసే చోటొకటి, మృగం ఉండే చోటొకటి. లేదంటే అంగట్లో కొన్న రబ్బరు మాస్కు తగిలించి, అది బయటపడకుండా కెమెరాని పిచ్చిగా ఊపుతారు. పాత పేదవాళ్ళు స్తంభం చాటున అతుకు దాచారు, వీళ్ళు సోమరితనాన్ని దాస్తున్నారు. 2022లో హిందీ 'భేడియా' తెలుగులో 'తోడేలు'గా వచ్చింది. అరుణాచల్‌లోని జీరో కొండలూ ఆ ఊరి మనుషులూ చూసి సంబరపడ్డాను, సరైన చోటే పెట్టారు. మృగం రాగానే మళ్ళీ కంప్యూటరే.

మన మేకప్ వాళ్ళకి చేతకాదని ఎవరూ అనకండి. గడ్డాలు పాయపాయగా అంటించగలిగినవాళ్ళు, కాలిన ముఖాన్ని నమ్మించగలిగినవాళ్ళు పరిశ్రమలో ఎందరో ఉన్నారు. షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలారా, గ్రాఫిక్సుకి పెట్టే ఆ కొద్ది డబ్బూ వాళ్ళకివ్వండి. కెమెరా బిగించి, నటుణ్ణి ఒక పూట కుర్చీలో కూర్చోబెట్టండి. ముందు మాత్రం 'ది హౌలింగ్' చూడండి, పికార్డో ఘట్టం దగ్గర ఫోన్లు పక్కన పెట్టి చూడండి. బేకరే గొప్ప అని అప్పటికీ అనిపిస్తే ఉత్తరం రాయండి, జవాబు నేనే రాస్తాను.