ముందు నిలబడనివ్వండి

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో కూర్చుని గుర్రాల గురించి రాయడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు. 1786లో ఇక్కడ ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టించిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి మూసారాంబాగ్ గుట్ట మీద ఉంది. అక్కడికి దగ్గర్లోనే మలక్‌పేట రేస్ కోర్సు. ఇటు పక్కన ఫతే మైదాన్, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియం, నిజాముల కాలంలో పోలో గ్రౌండు. ఇక పెళ్లిళ్ల సీజన్ వస్తే నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా ఎక్కడో ఒకచోట బరాత్ గుర్రం కనబడాల్సిందే.

ఆ గుర్రాన్ని ఎప్పుడైనా తేరిపార చూశారా? చెవి పక్కనే బ్యాండు, కాళ్ల దగ్గర టపాకాయలు, వీపు మీద ఊపిరాడని షేర్వాణీలో పెళ్లికొడుకు. అయినా కదలదు. కొన్నిటి విషయంలో అది అలసటే. కానీ నిలబడటం దానికి తెలుసు. మలక్‌పేటలో పరుగు మానేసిన గుర్రానికి తెలియనిది సరిగ్గా అదే.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ (గుర్రంతో లయగా నడకలు వేయించే పోటీ) జట్టు బంగారు పతకం తెచ్చాక ఆ ఆట మీద మనవాళ్లకి మోజు పెరిగింది. ఆ జట్టు ఎక్కినవి యూరప్‌లో ఈ పనికోసమే పెంచే జాతుల గుర్రాలు. అవి కొనే తాహతు మనలో ఎంతమందికుంటుంది? రేసులు మానేసిన థరోబ్రెడ్, అంటే రేసు జాతి గుర్రం, చవగ్గా దొరుకుతుంది. కొన్న కొన్నాళ్లకే మొదలవుతుంది ప్రశ్న: పోటీకి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు సార్?

దానికి ముందు ఆ గుర్రం ఏం నేర్చుకుని వచ్చిందో చూడాలి. రేసులో కళ్లెం బిగిస్తే దాన్ని ఆనుకుని ఇంకా ఉరకడం నేర్చుకుంది. మీరు ఆపుదామని లాగుతారు, అది సరేనని వేగం పెంచుతుంది. తప్పు దానిది కాదు. జాకీ జీను మీద కూర్చోడు, రికాబుల మీద వంగి నిలబడతాడు కాబట్టి వీపు మీద మనిషి బరువూ, పక్కల మీద కాలి ఒత్తిడీ దానికి కొత్త. ఒకే దిశలో పరుగెత్తీ పరుగెత్తీ ఒంట్లో ఒక పక్క గట్టిపడుతుంది, రెండో పక్కకి గుండ్రంగా తిప్పితే కర్రలా బిగుసుకుపోతుంది. శిక్షణలో ఉన్న రేసు గుర్రాల్లో చాలావాటికి కడుపులో పుండ్లుంటాయి. జీను చూడగానే చెవులు వెనక్కి వేస్తే పొగరని తిట్టకండి, ముందు డాక్టరుకి చూపించండి. దాణా తగ్గించి, గడ్డి పెంచి, కొన్ని నెలలు ఊరికే తిరగనివ్వాలి.

కొత్తవాళ్ల డ్రెస్సాజ్‌లో బ్రహ్మవిద్యేమీ లేదు. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పున్న అరీనా. అందులో సైసులు (గుర్రాల్ని చూసుకునేవాళ్లు) కదం (మామూలు నడక), దుల్కీ (ట్రాట్), పోయా (కాంటర్) అనే మూడు నడకలు, కొన్ని ఇరవై మీటర్ల వలయాలు, మధ్యలో ఆగి జడ్జికి సలాం. ఒక్కోదానికి పదికిన్ని మార్కులు. తెలివైన థరోబ్రెడ్ ఇదంతా ఇంట్లో త్వరగానే నేర్చుకుంటుంది. యజమాని మోసపోయేది అక్కడే.

పోయా ఎంత అందంగా ఉందని నేను చూడను. పోయా అయ్యాక కళ్లెం వదులు చేస్తే ఏం చేస్తుందో చూస్తాను. మెడ కిందికి చాచి, ఊపిరి వదిలి, బారుగా అడుగులేస్తే సంతోషం. చాలా పరీక్షల్లో ఈ వదులు నడకకి రెట్టింపు మార్కులు వేసేది ఊరికే కాదు, గుర్రం మనసు దాచుకోలేని చోటు అది. చిందులు తొక్కుతూ పక్కకి జరిగిందంటే దానికింకా రేసు అయిపోలేదన్నమాట. తర్వాత, పక్క నుంచి ఇంకో గుర్రం దౌడు తీస్తే వెంటపడకుండా ఆగగలదా? మూడోది, లారీ ఎక్కించి కొత్త చోటికి తీసుకెళ్లడం. లారీ, మైకు, జనం మూడూ కలిస్తే దాని లెక్కలో రేసు రోజే. అందుకని మొదటిసారి పేరు ఇవ్వకుండా తీసుకెళ్లి, మేత మేపి, చుట్టూ నడిపించి తీసుకొచ్చేయండి. పేరు ఇచ్చినప్పుడు కూడా ఇంట్లో చేసేదానికన్నా ఒక మెట్టు తక్కువ పరీక్షే.

ఎన్ని నెలలని అడగొద్దు. కొన్నిటికి ఆరు, కొన్నిటికి రెండేళ్లు. అయిదారేళ్ల వయసులో పరుగు మానేసిన గుర్రం బాగా చూసుకుంటే పాతికేళ్ల దాకా బతుకుతుంది. తొందర మనదే.

పోటీలు నడిపేవారికి ఒక మనవి. మొదటి రోజు ఉదయం ఒక గంట అరీనా తెరిచి పెట్టండి. మార్కులు వద్దు, కప్పులు వద్దు. కొత్త గుర్రాలు వచ్చి, మైకు మోగుతుండగా, మధ్యలో కాసేపు నిలబడి వెళ్తాయి.