కార్తీకంలో అడీనియం

అడీనియం పెంపకం గురించి ఎవరిని అడిగినా ముందుగా చెప్పే మాట ఒకటుంది: చలికాలంలో నీళ్ళు ఆపేయండి, మొక్క నిద్రపోతుంది. మాట నిజమే. కానీ తిరుపతిలో మొక్కకు నిద్ర వచ్చే వేళకే ఆకాశం నీళ్ళు పోయడం మొదలుపెడుతుంది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి మార్గశిరం దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, మనం మిద్దె మీదికి పరుగెత్తాలి. మన జిల్లాల్లో ఈ మొక్కను పెంచేవాళ్ళు మే నెల ఎండకు భయపడనక్కర్లేదు. అరికాలు ఆనించలేని మిద్దె మీద కూడా అది పూస్తుంది. భయపడాల్సింది కార్తీకానికి.

అడీనియం సొంత నేల సహారా ఎడారికి దక్షిణపు అంచు. సెనెగల్ నుంచి సూడాన్, ఇథియోపియా, సోమాలియా, కెన్యాల దాకా, ఎర్రసముద్రం దాటి యెమెన్, ఒమన్ల దాకా రాళ్ళ గుట్టల మీద పెరిగే పొద ఇది. సహారా అంచున వేడీ వానా కలిసి వస్తాయి. చల్లని నెలల్లో చుక్క రాలదు. అందుకే వేడిలో తాగడం, చలిలో ఆకు రాల్చి లావు మొదలులో దాచుకున్న నీటితో గడపడం దీనికి అలవాటైంది. మన దగ్గర వరస తిరగబడింది. ఎండలు మండే నెలల్లో వాన ఉండదు, చల్లబడ్డాక వాన వదలదు. కాబట్టి ఇక్కడ అడీనియం పెంచడమంటే వేసవిలో మనమే వాన కావాలి, కార్తీకంలో వానకు అడ్డం నిలబడాలి. మిగిలిన పనులన్నీ ఈ రెండింటి తరువాతే.

ఈ మొక్కను శాస్త్రానికి పరిచయం చేసిన మనిషి కథ తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. డెన్మార్క్ రాజు 1761లో అరేబియాకు పంపిన బృందంలో పీటర్ ఫోర్స్‌కోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. యెమెన్‌లో మొక్కలు సేకరిస్తూ 1763లో మలేరియాతో అక్కడే చనిపోయాడు. వయసు 31. అతని రాతలను బృందంలో ప్రాణాలతో మిగిలిన కార్‌స్టెన్ నీబుర్ 1775లో అచ్చు వేయించాడు. అందులో ఈ పొద గన్నేరు జాతిలో ఉంది. 1819లో రోమర్, షుల్టెస్ అనే ఇద్దరు దాన్ని విడదీసి అడీనియం అన్నారు. ఫోర్స్‌కోల్ చూపును నేను తప్పుపట్టను. గన్నేరు, దేవగన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, ఇదీ అన్నీ ఒకే కుటుంబం. జంట కాయలు చూస్తే పల్లెలో పుట్టిన ఎవరికైనా గన్నేరే గుర్తొస్తుంది.

ఆఫ్రికా మొక్కతో మనకేం పని అని ఒక పెద్దాయన ఆ మధ్య అడిగారు. మన కంచంలోని సంకటి ముద్ద ఆ ఖండం పెట్టిన భిక్షే అని చెప్పాను. రాగి తూర్పు ఆఫ్రికా మిట్టల నుంచి వేల ఏళ్ళ కిందట వచ్చింది. జొన్న, అలసందలు, ఆముదం, చింత, అన్నీ అక్కడివే. వాటిని మన తాతముత్తాతలు ఇక్కడి వానకూ ఇక్కడి మట్టికీ తగ్గట్టు సాగు చేసుకున్నారు. అడీనియానికి ఇప్పుడు మనం చేయాల్సింది కూడా అంతే.

నేను చేసే పద్ధతి చెబుతాను. విజయదశమి దాటగానే చిన్న తొట్లన్నీ వెలుతురు ఆగని ప్లాస్టిక్ రేకుల కిందికి చేరుస్తాను. వరండాలోకి, నీడలోకి తోయకూడదు. వాన తగలకూడదు గానీ ఎండ తగలాలి. తొట్టి కింద పళ్ళేలన్నీ తీసేసి, అడుగున గాలి ఆడేట్టు ఇటుకల మీద నిలబెడతాను. కదపలేని పెద్ద తొట్లకు మట్టి మీద మాత్రమే పాలిథీన్ పరిచి, మొదలు చుట్టూ వదులుగా తాడు కట్టి, వాన వెలిసిన గంటకే విప్పేస్తాను. దీపావళి నుంచి సంక్రాంతి దాకా పెద్ద మొక్కలకు నీళ్ళ మాటే ఉండదు. ఆ ఏడు మొలిచిన పిల్లలకు మాత్రం మట్టి పూర్తిగా ఆరాక కొద్దిగా చిలకరిస్తాను. వాటి మొదళ్ళలో ఇంకా దాచుకున్న నీరు లేదు.

ఇదంతా తిరుపతి లెక్క. పలమనేరు, కుప్పం 600 మీటర్లకు పైన ఉన్న ఊళ్ళు. అక్కడి చలికి ఆకంతా రాలి మోడవుతుంది కాబట్టి నీళ్ళు పోయాలని ఎవరికీ అనిపించదు. కొండ కింద తిరుపతిలో ఆకు సగమే రాలుతుంది, కొన్ని మొక్కలకు అదీ రాలదు. పచ్చగా ఉంది కదా అని చెంబుతో నీళ్ళు పోస్తారు. మొక్క పోయేది అక్కడే.

ఎందుకు పోతుందో తెలిస్తే ఆపడం సులువు. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. వేడి రోజుల్లో వేరు నీటిని లాగేస్తుంది, మట్టి రెండు రోజుల్లో ఆరి, ఖాళీల్లోకి గాలి వస్తుంది. అందుకే జూన్, జూలై వానల్లో తడిసినా మొక్కకు మేలే జరుగుతుంది. చల్లటి మబ్బు రోజుల్లో వేరు పని మానేస్తుంది, నీరు నిలిచిపోతుంది, గాలి అందని వేరులో శిలీంధ్రం దూరుతుంది. 2021 నవంబర్ 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు ఏరులై పారాయి, తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి, ఆ వెనకే రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని పల్లెలు నిద్రపోలేదు. మనుషుల ఇళ్ళే మునిగిన వారంలో మొక్కల మాట ఎత్తడానికి నోరు రాదు. కానీ ఆ తరువాత డిసెంబరంతా నాకు వచ్చిన ఫోన్లు ఒకటే: ‘నిన్నటిదాకా బాగుండింది సామీ, పొద్దున చూస్తే కూలిపోయింది.’ అడీనియం కుళ్ళు వాన రోజున కనపడదు. మొదలులోని నీరు కొన్ని వారాలు ఆకును పచ్చగానే ఉంచుతుంది.

అందుకే కళ్ళకంటే బొటనవేలును నమ్మాలి. వారానికోసారి ప్రతి మొదలునూ నొక్కి చూడాలి. రాయిలా గట్టిగా ఉంటే భయం లేదు. చుట్టూ సమానంగా కాస్త మెత్తబడి, మట్టి పొడిగా ఉంటే అది దాహం, వేసవైతే నీళ్ళు పోయాలి. ఒక్కచోటే మెత్తబడి, మట్టి తడిగా ఉండి, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన వస్తే అది కుళ్ళు. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకూడదు. మొక్కను పెరికి, వేర్లు కడిగి, పదునైన కత్తితో గోధుమరంగు కనపడినంత మేరా కోసేయాలి. తెల్లటి కండ వచ్చేదాకా కోయాలి, జాలిపడి కొంచెం మిగిల్చితే మళ్ళీ పాకుతుంది. కోతకు శిలీంధ్రనాశిని పొడి రాసి, నీడలో గాలికి వేలాడదీసి, గాయం మీద తోలు కట్టాకే నాటాలి. సగం మొదలు పోగొట్టుకున్న మొక్కలు కూడా బతికి పూశాయి. ప్రాణం మీద దీనికున్న పట్టు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అసలు కుళ్ళు సగం తొట్టిలోని మట్టి వల్లే వస్తుంది. మన ఎర్రమట్టి పొలంలో ఎంత మంచిదో తొట్టిలో అంత చెడ్డది. నాలుగుసార్లు తడిస్తే గట్టి గారలా బిగుస్తుంది. నర్సరీ నుంచి వచ్చే మొక్కలు చాలావరకు కొబ్బరిపొట్టులో ఉంటాయి. అది పైకి ఎండినట్టే ఉండి లోపల నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. కొన్న మొక్కను ఆ పొట్టులోనే ఉంచి కార్తీకం దాటించడం కష్టం. నేను పాత ఇటుకలు కొట్టి, జల్లెడ పట్టి, శనగగింజంత ముక్కలు సగం తీసుకుంటాను. దుమ్ము ఏమాత్రం ఉండకూడదు, ఆ దుమ్మే అడుగుకు చేరి రంధ్రాలు పూడుస్తుంది. మిగతా సగంలో కడిగిన ముతక ఇసుక, చితక్కొట్టిన బొగ్గు, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. చెంబెడు నీళ్ళు పోస్తే మనం చెంబు కింద పెట్టేలోగా అడుగు నుంచి కారిపోవాలి. ఇటుక కొట్టే పని విసుగనిపిస్తుంది గానీ, ఈ సాగులో ఇంతకంటే విలువైన పని లేదని నా నమ్మకం.

వేసవి పనులు సంతోషంగా సాగుతాయి. శివరాత్రికి చలి తగ్గగానే కొమ్మలు కత్తిరిస్తే ప్రతి కోత దగ్గరా రెండు మూడు చిగుళ్ళు వస్తాయి. పూత కొత్త చిగురు కొసల్లోనే కాబట్టి కత్తెరకు భయపడితే పూలు తగ్గుతాయి. తొట్టి మార్చేదీ అప్పుడే. మార్చినప్పుడల్లా మొదలును అంగుళం పైకి లేపి నాటితే లావు వేర్లు బయటపడి అందం వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రనల్లి ఆకు అడుగున చేరుతుంది, నీళ్ళు బలంగా చిమ్మితే పోతుంది. గన్నేరు మీద గుడ్లు పెట్టే పెద్ద రెక్కల పురుగు దీన్నీ వెతుక్కుంటూ వస్తుంది. దాని పిల్ల, తల వెనక రెండు నీలికళ్ళలాంటి మచ్చలున్న పచ్చటి లావు పురుగు, రెండు రాత్రుల్లో కొమ్మను బోడి చేస్తుంది. దాన్ని చేత్తో తీసి పెరట్లో గన్నేరు మీద వదిలేస్తాను. మొక్క రసం మాత్రం విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాల కొనలకు పూసేది ఇదే, గుండె మీద పనిచేస్తుంది. కోత పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పసిపిల్లలున్న ఇంట్లో తొట్లు ఎత్తున పెట్టుకోవాలి.

అంటు మొక్కా, విత్తనం మొక్కా అని అడుగుతారు. తైవాన్, థాయ్‌లాండ్ పెంపకందారులు తీసిన ముద్దపూల రకాలు అచ్చంగా అదే రంగులో కావాలంటే అంటు కట్టాల్సిందే. మామిడి అంటు కట్టే చేతులున్న జిల్లా ఇది, మనకది కొత్త విద్య కాదు. అయినా నా ఓటు విత్తనానికే. కొమ్మ నాటితే వేరు వస్తుంది గానీ, విత్తనం మొక్కకు వచ్చే లావు మొదలు రాదు. పూత ఏ రంగులో వస్తుందో ముందుగా తెలియదు. తెలియకపోవడమే నాకు నచ్చుతుంది. జంట కాయ పండి పగలకముందే దారంతో చుట్టేయాలి. విత్తనానికి రెండు కొసలా దూది ఉంటుంది, పగిలిన రోజే వీధి దాటి ఎగిరిపోతుంది. తాజా విత్తనం పడుకోబెట్టి పలచగా ఇసుక చల్లితే వేసవిలో వారంలోపే మొలుస్తుంది. పాతబడ్డ విత్తనం పొదుపు చేసి లాభం లేదు.

విత్తనం వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది, అదే నాకు ముఖ్యం. లావు మొదలున్న ముసలి మొక్క కావాలన్న ఆశ ఎక్కడో ఒక గుట్టను బోడి చేస్తుంది. అడీనియం స్వాజికం అనే దగ్గరి బంధువు ఎస్వాటిని, దక్షిణాఫ్రికా, మొజాంబిక్‌ల సరిహద్దు నేలల్లో మాత్రమే ఉంటుంది. దక్షిణాఫ్రికా రెడ్ లిస్టులో అది అంతరించే అంచున ఉంది. అంత దూరం ఎందుకు, మన కొండనే చూడండి. శేషాచలంలో సైకస్ బెడ్డోమి అనే పొట్టి ఈతలాంటి మొక్క ఉంది. తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. డైనోసార్ల కాలం నాటి వంశం. అంతర్జాతీయ వ్యాపారం నుంచి కాపాడే సైట్స్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో దాని పేరుంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అయినా ‘కొండ మీద మంచి మోళ్ళున్నాయి, బోన్సాయ్‌కి తెచ్చిపెట్టమంటారా’ అని అడిగేవాళ్ళు తగులుతూనే ఉన్నారు. వద్దని చెప్పడంతో ఊరుకోకండి, అటవీశాఖకు చెప్పండి. నలభై ఏళ్ళ మొదలును రాతి సందు నుంచి పెరికి తెచ్చినవాడు మొక్కను పెంచినవాడు కాడు.

లావు మొదలు కావాలంటే తొట్టిలో పెంచుకోవచ్చు, అయిదారేళ్ళు పడుతుంది. నా మిద్దె మీద జూన్‌లో కాయలు పండుతాయి. తిరుపతి చుట్టుపక్కల ఎవరికైనా విత్తనం కావాలంటే పత్రికకు ఒక ఉత్తరం రాయండి, పంపిస్తాను. ఈలోగా ఇటుకలు కొట్టి, జల్లెడ పట్టి ఉంచుకోండి.