కల్పితదేశముల పటములు

బాలకథలలోని దేశము లబద్ధములని పలువురు తలిదండ్రులు వానిని పిల్లలచేతి కీయ జంకుదురు. దేశములు కల్పితములే, కాని వాని కొండలును, నదులును, తగవులును నిజదేశములనుండి వచ్చినవే. స్విఫ్టు 1726లో గలివరు యాత్రలను ప్రకటించినపుడు ఆరంగుళముల జనుల ద్వీపమును సుమత్రాదీవి గల పటముననే యిమిడ్చెను. ఆ మరుగుజ్జుల కలహములు తన రాజధానిలోనివే యని చదువరి పిమ్మట గ్రహించును.

ఆ గ్రంథము ననుసరించి కందుకూరి వీరేశలింగము పంతులుగారు సత్యరాజా పూర్వదేశయాత్రలు రచించిరి. అందలి ఆడుమళయాళమున స్త్రీ లేలికలు. పురుషులు వారి చెప్పుచేతలలోనివారు. మన యిండ్లలో స్త్రీలు పడు పాట్లు పురుషులు పడుచుండగా జూచి నవ్వినవాడు మరుక్షణమున సిగ్గుపడును. ఇంతకు మించిన సంస్కరణోపదేశ మరుదు.

అయినను మాకొక యాక్షేపణ కలదు. స్విఫ్టు క్రొత్తపేరు పెట్టెను. పంతులుగారు పొరుగుదేశపు పేరు పెట్టిరి. మళయాళదేశమున నాయర్లు మొదలగువారిలో ఆస్తి స్త్రీసంతతి వెంబడి సంక్రమించెడిది. కాని కుటుంబమున పెత్తనము సామాన్యముగా పెద్ద మేనమామదే. ఆ యుమ్మడికుటుంబ పద్ధతిని 1976లో నమలులోనికి వచ్చిన కేరళశాసనము రద్దుచేసినది. అక్కడ స్త్రీరాజ్యము లేదు. తన దోషమును జూచుకొనవలసిన చదువరి పొరుగువానిని జూచి నవ్వి తప్పించుకొనవచ్చును. అద్దము కిటికీ యైనచో ముఖము కనబడదు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము అను పేర్లు ఏ పొరుగుజనమునకును జెందవు. జమ్మలమడుగు బాలునకు లోయ యనగా పెన్న కోసిన యిరుకు. దుర్గమనగా దానిపైనున్న గండికోట. ఇడుపులపాయ బాలునకు పాపాఘ్ని కొండలను జీల్చుకొనివచ్చు గండి సమీపముననే యున్నది. అచ్చట వాయుదేవుడు శ్రీరామునకై బంగారుతోరణము గట్టెననియు, దానిని మన్రోదొర చూచెననియు నైతిహ్యము. తోరణము లేకపోవచ్చును, గండి యున్నది. ఉన్న గండికే ఊహ తోరణము గట్టినది. మంచి కల్పన యెల్ల నిట్టిదే.

కావున తలిదండ్రులు కథను మాన్పింపక, బాలునిచేత ఆ దేశపు పటము గీయింపవలెను. ఏరెటు పారును? దారి యెవరి పొలముగుండ బోవును? రాక్షసులు గా నెవరు నిలిచిరి? అని యడుగవలెను. రాక్షసులకు వాడు పొరుగూరివారి పేరు పెట్టెనేని అప్పుడు దిద్దవలెను. దేశము కల్పితమైనందుకు గాదు.