మాంద్యకాలపు వ్యాపార ప్రకటన: కొసరు, వాక్ఛలం, భరోసా

వ్యాససంగ్రహం:
ఆర్థిక మాంద్యంలో వ్యాపారసంస్థలు కొనుగోలుదారులతో మాట్లాడే తీరును ఒక భాషావ్యవహారంగా గ్రహించి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మాంద్యంలో వచ్చే నష్టభారాన్ని ఎవరు మోస్తున్నారు, ఆ సంగతిని ప్రకటన చెబుతున్నదా దాస్తున్నదా అన్నవే ఇక్కడ విమర్శకు ప్రమాణాలుగా ఉండాలని ప్రతిపాదిస్తుంది. తెలుగు వ్యాపార పదజాలాన్ని, భారతీయ అర్థవిచారంలోని కొన్ని భావనలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ఆర్థిక మాంద్యం, వ్యాపార ప్రకటన, కొసరు, వాక్ఛలం, ఆషాఢం తగ్గింపు, వినియోగదారుడు.

ఉపోద్ఘాతం:
కథనూ నవలనూ వెదకి తెచ్చుకొని చదవాలి. వ్యాపార ప్రకటనను చదవడానికి అంత శ్రమ అక్కరలేదు. గోడ మీదా, బస్సు వెనకా, చేతిలోని ప్యాకెట్టు మీదా అదే ఎదురుపడుతుంది. ఇంతగా చదువబడే వచనాన్ని సాహిత్యవిమర్శ వాణిజ్యశాస్త్ర విభాగానికి వదిలివేయడం సమంజసంగా తోచదు. రోజులు బాగున్నప్పుడు ప్రకటనలో అతిశయోక్తి ఉన్నా పాఠకుడు నవ్వి ఊరుకుంటాడు. ఆదాయం తగ్గిన రోజుల్లో అదే వాక్యం అతని కూలిడబ్బుతో ముడిపడుతుంది. అందువల్ల మాంద్యకాలపు ప్రకటనను ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది.

శాస్త్రం చేసిన వర్గీకరణ:
2008 నాటి సంక్షోభం తరువాత, 2009లో జాన్ క్వెల్చ్, కేథరిన్ జోజ్ 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ'లో మాంద్యకాలపు మార్కెటింగ్‌పై ఒక వ్యాసం ప్రచురించారు. వారు కొనుగోలుదారులను నాలుగు రకాలుగా విభజించారు: ఖర్చును ఒక్కసారిగా ఆపివేసేవారు, బాధపడుతూనే మంచిరోజుల కోసం ఓపిక పట్టేవారు, కలిగినవారై నిశ్చింతగా ఉండేవారు, రేపటి సంగతి తలచక నేటికి బతికేవారు. వస్తువులను కూడా తప్పనిసరివి, ముచ్చట తీర్చేవి, వాయిదా వేయదగినవి, లేకపోయినా గడిచేవి అని నాలుగు తెగలు చేశారు. ఆదాయాన్ని మాత్రమే కాక మనఃస్థితిని లెక్కలోకి తీసుకోవడం ఈ వర్గీకరణలోని విశేషం. అలంకారశాస్త్రం చదివినవారికి ఇది అవస్థాభేదాన్ని బట్టి చేసిన నాయికావిభజనను గుర్తుచేయకమానదు. అయితే ఇక్కడ అవస్థలన్నీ కొనేవారివే. అమ్మేవారు మాంద్యంలో ఎన్ని రకాలుగా ప్రవర్తిస్తారన్న వర్గీకరణ మాత్రం ఇందులో కనిపించదు.

కెల్లాగ్ కథలో విడిచిపెట్టిన భాగం:
మాంద్యంలో ప్రచారవ్యయం తగ్గించరాదని చెప్పేవారందరూ ఒక దృష్టాంతం చూపుతారు. 1920ల చివర అమెరికాలో అల్పాహార ధాన్యాల విపణిని పోస్ట్, కెల్లాగ్ సంస్థలు పంచుకున్నాయి. మహామాంద్యం రాగానే పోస్ట్ ఖర్చులు తగ్గించుకొంది. కెల్లాగ్ ప్రచారవ్యయాన్ని రెట్టింపు చేసి, రేడియోను విరివిగా వాడుకొని, రైస్ క్రిస్పీస్ అనే కొత్త సరుకును ముందుకు తెచ్చింది. 1933 నాటికి ఆ సంస్థ లాభాలు దాదాపు 30 శాతం పెరిగాయి.

ఈ కథ నిజమే కాని, అసంపూర్ణం. అదే సంస్థ 1930 డిసెంబరులో మిచిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ కర్మాగారంలో ఎనిమిది గంటల షిఫ్టులు మూడింటిని ఆరు గంటల షిఫ్టులు నాలుగుగా మార్చింది. ఉన్న పనిని ఎక్కువమందికి పంచడం దాని ఉద్దేశం. ప్రకటనల బడ్జెట్టు గురించి చెప్పే ఉపన్యాసాలలో ఈ సంగతి అరుదుగా వినిపిస్తుంది. ఒకే కాలంలో ఒకే యాజమాన్యం తీసుకున్న రెండు నిర్ణయాలలో ఒకటి పాఠమై నిలవడం, రెండవది జారిపోవడం కథనశాస్త్ర దృష్టితో చూడవలసిన విషయం. చెప్పేవాడి అవసరమే ఏది కథలో ఉండాలో ఎంపిక చేసింది. ప్రచారం పెంచి కూడా మూతపడిన సంస్థల కథలు ఎవరూ చెప్పరన్నది మరొక లోపం.

కొసరు, తూకం:
తెలుగువారి వ్యాపారభాషలో 'కొసరు' అనే మాట ఉంది. తూకం పూర్తయిన తరువాత, కొన్నవారి కళ్లముందే, అమ్మేవారు మరికాస్త వేయడం కొసరు. కూరగాయలు కొన్నాక గుప్పెడు కొత్తిమీర వేయడం అందరూ ఎరిగినదే. 'అసలు కన్నా కొసరు ముద్దు' అన్న సామెత పరిమాణాన్ని గురించి చెప్పడం లేదు. కొసరు వేసే చెయ్యి రేపటి బేరాన్ని కూడా కోరుతున్నదని చెబుతోంది. 'వాడుక' అన్న మాట కూడా ఇటువంటిదే. రోజూ ఒకే ఇంటి నుంచి పాలు పోయించుకోవడం వాడుక. అలవాటు, నమ్మకం, నెలాఖరు లెక్క అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఆధునిక పరిభాషను అనుసరించి 'వినియోగదారు సంబంధాల నిర్వహణ' అని అనువదించుకున్నప్పుడు సంబంధం ఒక పక్షం నడిపే యంత్రాంగంగా మారిపోతుంది. వాడుక ఇద్దరిదీ. నిర్వహణ అమ్మేవాడిది.

ఈ నేపథ్యంలో 5 రూపాయల బిస్కట్ ప్యాకెట్టును చూడాలి. 2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో భారత ఆర్థికవ్యవస్థ దాదాపు 24 శాతం కుంచించుకుపోయింది. ఆ దెబ్బ నుంచి చాలా కుటుంబాల ఆదాయాలు పూర్తిగా తేరుకోకముందే, 2022లో పామాయిల్, గోధుమల ధరలు పెరిగాయి. బిస్కట్లు, చిరుతిళ్లు, సబ్బులు తయారుచేసే పలు సంస్థలు చిన్న ప్యాకెట్ల ధరను నిలిపి, తూకాన్ని తగ్గించాయి. ఇందులో న్యాయం లేకపోలేదు. రోజుకూలీకి 5 రూపాయలన్నది ధర మాత్రమే కాదు, ఆ పూట కేటాయించగల మొత్తం కూడా. దానిని 7 రూపాయలు చేస్తే ఆ ప్యాకెట్టు అతనికి అందకుండా పోతుంది. కాబట్టి తూకం తగ్గించడాన్నే దోషమనలేము. దోషమున్నది దానితో పాటు వచ్చే మాటలో.

'అదే ధర' అన్న తరహా మాటను తీసుకుందాం. అభిధలో ఇది సత్యం. కాని విన్నవారు 'అదే సరుకు, అదే ధరకు' అని గ్రహిస్తారు, అలా గ్రహించాలనే ఆ మాట అక్కడ ఉంది. దీనిని ధ్వని అనవచ్చునా? అనలేము. ఆనందవర్ధనుడు ప్రతిపాదించిన వ్యంగ్యార్థం సహృదయుడు కనుగొనడం కోసం ఉంటుంది. అది బయటపడినప్పుడే కవి ప్రయత్నం సఫలం. ఇక్కడ దాగిన అర్థం బయటపడకపోవడమే వక్త సాఫల్యం. ఈ లక్షణానికి న్యాయశాస్త్రంలోని వాక్ఛలం దగ్గరగా ఉంది. 'నవకంబలుడు' అన్నప్పుడు కొత్త కంబళి గలవాడనే వక్త ఉద్దేశాన్ని తోసిపుచ్చి, తొమ్మిది కంబళ్లెక్కడివని ప్రతివాది అడగడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. శాస్త్రంలో ఛలం చేసేవాడు వినేవాడు. ప్రకటనలో ఆ పని చెప్పేవాడే చేస్తున్నాడు. ఈ భేదం ఉన్నప్పటికీ, మాటకు గల రెండర్థాల సందును స్వప్రయోజనానికి వాడుకోవడం రెండింటికీ సమానం. కొసరు తూకం తరువాత కళ్లెదుట జరిగే ఇవ్వడం. ఇది తూకానికి ముందే కనపడకుండా జరిగే తీసుకోవడం.

చెప్పి చేసే వ్యాపారం:
దీనికి భిన్నమైన రెండు ఉదాహరణలు చూడవచ్చు. ఒకటి మన ఆషాఢం తగ్గింపు. ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. తెలంగాణలో బోనాలు వచ్చినా, పెళ్లిబట్టల గిరాకీకి ఆ కొనుగోళ్లు సాటిరావు. ఏటా వచ్చే ఈ చిన్న మాంద్యాన్ని వస్త్రవ్యాపారులు దాచుకోలేదు. దాని పేరే ప్రకటనకు శీర్షిక చేశారు. 'ఆషాఢం' అన్న ఒక్క మాటతో అమ్మేవారి అవసరం కొనేవారికి తెలిసిపోతుంది. బేరంలో ఇద్దరూ సమానంగా నిలబడతారు. ధరలు ముందే పెంచి ఇప్పుడు తగ్గించారన్న అనుమానం జనంలో ఉండనే ఉంది. అయినా కారణం బహిరంగంగా ఉన్నందువల్ల ఆ అనుమానాన్ని కొట్టులోనే నిలబడి పైకి అనగలుగుతున్నారు.

రెండవది 2009 జనవరిలో హ్యుందాయ్ సంస్థ అమెరికాలో ప్రకటించిన భరోసా పథకం. కారు కొన్న ఏడాదిలోపు ఆదాయం కోల్పోయినవారు, కొన్ని షరతులకు లోబడి, దానిని తిరిగి ఇచ్చివేయవచ్చునన్నది దాని సారాంశం. ఆ ఏడాది అక్కడ మొత్తం వాహనాల అమ్మకాలు సుమారు 21 శాతం పడిపోగా ఆ సంస్థ అమ్మకాలు 8 శాతం పెరిగాయి. తిరిగి వచ్చిన కార్లు చాలా స్వల్పం. ఈ ఫలితానికి తక్కువ ధర, వాహనాల నాణ్యత కూడా కారణాలై ఉంటాయి; ఘనతనంతా ప్రకటనకు కట్టబెట్టలేము. కాని వాక్యంగా చూస్తే దానిలో ఒక విశేషముంది. ధర తగ్గింపు ప్రకటనలన్నీ డబ్బు గురించి మాట్లాడుతున్న కాలంలో, ఇది ఉద్యోగం పోతుందేమోనన్న భయాన్ని పేరుపెట్టి పిలిచింది, ఆ నష్టంలో కొంత తన మీద వేసుకొంది.

ప్యాకెట్టు మీది తెలుగు:
వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సరిగ్గా మాంద్యం నడుమ, 2020 జూలైలో అమలులోకి వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. అబద్ధపు ప్రకటనను పట్టుకోవడానికి ఇవి సాధనాలు. అక్షరసత్యమైన ఛలాన్ని పట్టుకోవడం వీటికి అంత సులువు కాదు. తూనికలు, కొలతల విషయంలో 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాలున్నాయి. వాటి ప్రకారం నికర తూకం, ధర వంటి వివరాలను దేవనాగరి లిపిలో హిందీలో గాని, ఆంగ్లంలో గాని ముద్రించాలి. ఇతర భాషలో అదనంగా ముద్రించడానికి అనుమతి ఉంది, నిర్బంధం లేదు. కనుక రుచినీ, ఆదానూ, 'అదే ధర'నూ తెలుగులో పెద్ద అక్షరాలతో చెప్పి, గ్రాముల సంఖ్యను మాత్రం ఆంగ్లంలో ఒక మూల ఉంచడం నియమవిరుద్ధం కాదు. పిలుపు తెలుగులోనూ లెక్క మరో భాషలోనూ ఉన్న ఈ ప్యాకెట్లను సేకరించి, ఏ సమాచారం ఏ భాషలో, ఎంత అక్షరప్రమాణంలో ఉన్నదో పట్టిక వేయడం తెలుగు శాఖలోని పరిశోధకులు చేయగలిగిన పని. దానికి కిరాణా కొట్టుకు మించిన గ్రంథాలయం అవసరం లేదు.